చుక్కల భూముల వెనక ఉన్న కాయితాలు ఎక్కడికి పోయినయ్?

2023 మే 12న కావలి సభలో చుక్కల భూముల్ని రిజిస్ట్రేషన్లు చేయకూడని 22ఏ నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నాం అని అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రకటించినప్పుడు రాష్ట్రం మొత్తం మీద 2 లక్షల ఎకరాల పైనే లెక్క చెప్పారు. అది భూమి గొడవ అనే అందరూ మాట్లాడుకున్నారు గానీ నా దృష్టిలో అది ముందు కాయితాల గొడవ. బ్రిటిష్ వాళ్ళ టైమ్‌లో రీసెటిల్‌మెంట్ చేసి, అంటే శిస్తు మళ్ళీ కట్టి, ఆర్‌ఎస్‌ఆర్ అనే రిజిస్టర్ రాసినప్పుడు ప్రతి సర్వే నెంబరుకీ ఎదురుగా అది సర్కారుదా, శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన ఇనామా, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అని రాసుకుంటూ పోయి, పేరు తేలని చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఇన్ని తరాల తర్వాత ఆ చుక్కలు చూసి రిజిస్ట్రేషన్లు ఆపేశారు, 2017లో దీనికోసమే ఒక చట్టం కూడా చేయాల్సొచ్చింది. మరి మా తాత సాగు చేశాడు అని రైతు ఎట్టా చూపించాలి? ఆర్‌ఎస్‌ఆర్ కంటే ముందటి డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో రాసిన సెటిల్‌మెంట్ రిజిస్టర్), ఇనాము భూమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్, పాత అడంగళ్ళు (ఏ పొలం ఎవరు సాగు చేశారో ఏటా రాసే ఊరి లెక్కలు), 10(1) లెక్కలు (ఎవరి పేర ఎంత భూమి ఉందో రాసేవి) కావాలి. అవి ఎక్కడున్నాయి అన్నదగ్గరే అసలు కథ మొదలవుద్ది.

1801లో కర్ణాటక నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. అప్పట్నుంచి కలెక్టరు రాసిన ప్రతి ఉత్తరం మద్రాసులో రెవెన్యూ వ్యవహారాల పై ఆఫీసైన బోర్డ్ ఆఫ్ రెవెన్యూకి పోయేది, జవాబు అక్కణ్ణుంచి వచ్చేది. ఆ పాత వాల్యూములు ఎగ్మూరులోని మద్రాసు రికార్డ్ ఆఫీసుకి చేరినయ్, ఇప్పుడు దాన్నే తమిళనాడు ఆర్కైవ్స్ అంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా బోర్డు ప్రొసీడింగ్స్ అక్కడే ఉండిపోయినయ్. అంతకుముందే కల్నల్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో కరణాల దగ్గర రాయించిన కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, కూడా సి.పి.బ్రౌన్ చలవతో నకళ్ళు పడి చెన్నైలోని ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలోనే ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది నిజమే, కానీ దాని అసలు బలం మొఘలులు, నిజాముల కాలంనాటి పర్షియన్, ఉర్దూ కాయితాలు, మన కోస్తా వాళ్ళు అక్కడికిపోతే దొరికేది తక్కువ.

ఇంక జిల్లా గీతలు. ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా కొత్తగా పెట్టినప్పుడు అందులో కలిపారు. ఆ మరుసటి ఏడే, 1905లో, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో ఒంగోలు శాసనాలు కూడా ఉన్నాయి, అంటే గుంటూరు పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకని ఒంగోలు శాసనం నెల్లూరు పుస్తకంలో దొరుకుద్ది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తెచ్చి కలిపారు, 1972లో టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. మూడు జిల్లాల ఫైళ్ళు, మూడు రకాల అలవాట్లు. మార్కాపురం ఊరి 1930ల నాటి సంగతి కావాలంటే అప్పటి జిల్లా కర్నూలు కదా, పాత ఫైలు జాడ అక్కణ్ణుంచే తియ్యాలి. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ మార్చారు, కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది, వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతికి పోయినయ్, చీరాల, అద్దంకి బాపట్లకి పోయినయ్. గీత మారిన ప్రతిసారీ మనుషులకి కొత్త ఆఫీసు చూపిస్తారు గానీ వెనకటి రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పే కాయితం ఒక్కటి బయటపెట్టరు, నాకు బాధ కలిగేది ఇక్కడే.

వెంకటగిరి వైపు కథ వేరే. అది జమీందారీ, ఎస్టేటు లెక్కలు దివాణంలో ఉండేవి, సర్కారు దగ్గర కాదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ ఊళ్ళల్లో రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగి ఎస్ఎఫ్ఏ అనే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది, కాబట్టి అక్కడ రైతుని పట్టుకోని డైగ్లాట్ తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఊరి స్థాయిలో పెద్ద దెబ్బ 1984 జనవరిలో పడింది. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థ ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు, కానీ కరణం ఇల్లే ఆ ఊరి రికార్డు రూమ్ అన్న సంగతికి తగ్గ ఏర్పాటు జరగలా. కొంతమంది లెక్కలన్నీ అప్పజెప్పారు, కొన్ని ఇళ్ళల్లో కట్టలు అట్టానే ఉండిపోయినయ్, కొన్ని చెదలపాలయినయ్.

ఆఫీసుల్లో కూడా అన్ని ఫైళ్ళూ ఉంచరు. మద్రాసు కాలం నుంచి వస్తున్న డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ ప్రకారం ఫైలు మూసేటప్పుడే గుమాస్తా దానికి ఆయుష్షు రాస్తాడు, ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ పదేళ్ళు, కె.డిస్ మూడేళ్ళు, ఎల్.డిస్ ఏడాది. ఒక కుటుంబం పెట్టుకున్న అర్జీ ఎల్.డిస్‌లో పడిందంటే ఏడాది తర్వాత చించేసినా అది రూలు ప్రకారమే. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది కదా అంటారు, అది కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల రికార్డులకే.

రెవెన్యూ కాయితాల్లో భూమి ఉన్నవాడే ఎక్కువ కనపడతాడు, మాదిగపల్లెలో కూలీ చేసుకునే మనిషి పేరు అడంగళ్ళో ఎందుకుంటది? వాళ్ళ తాతల పేర్లు కావాలంటే మిషన్ పుస్తకాలు చూడాల. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకోని జనానికి పని ఇచ్చాడు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ చరిత్రకి ఆధారమైన ఆ మిషన్ ఉత్తరాలు, రిపోర్టులు ఇప్పుడు అమెరికాలో అట్లాంటాలోని బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. కనిగిరి పక్క పల్లెలో ఉన్న మనవడు అంత దూరం ఎట్టా పోతాడు? ఇవి డిజిటల్‌గా మన దగ్గరికి రావాలి, ఆ జనానికి ఇది హక్కు అని నేను గట్టిగా నమ్ముతా.

ప్రభుత్వం పట్టించుకోని చోట జనం నిలబెట్టినవీ ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పెట్టారు, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, పాత తెలుగు పత్రికల ఫైళ్ళ కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికే పోతారు.

2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలొచ్చి భూముల ఫైళ్ళు తగలబడ్డాక అయినా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రతి తహసీల్దార్ ఆఫీసు బయట ఒక బోర్డు పెట్టాలి, ఫలానా ఊరి డైగ్లాట్ ఇక్కడుంది, ఎస్ఎఫ్ఏ అక్కడుంది, ఇనాం రిజిస్టర్ లేదు అని. లేదు అన్నమాట రాసి పెట్టినా రైతుకి తిరుగుడు తప్పుద్ది. మీ ఇంట్లో అటక మీద తాతల దస్త్రాలు ఉంటే మాత్రం ఎవరికోసం ఆగొద్దు, వానాకాలం రాకముందే దించి ఒక్కో పేజీ ఫోటో తీయండి, పైన ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) నెంబరు కనపడేటట్టు తీయండి, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, 1311 ఫసలీ అంటే 1901-02.