ఆఫ్టర్-టాక్స్ 401కె: మనవాళ్ల దగ్గర నేను రోజూ వినే అపోహలు

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకి పన్ను రిటర్నులు చేసిపెట్టడం నా పని. పదిహేనేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ మధ్య ప్రతి సీజన్‌లోనూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది: "అన్నా, మా కంపెనీలో మెగా బ్యాక్‌డోర్ రాత్ ఉందట, చెయ్యమంటావా?" విచిత్రం ఏంటంటే, అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే మొదలుపెట్టేసి ఉంటారు. జీతంలోంచి 401కె అనే కంపెనీ రిటైర్మెంట్ ఖాతాలోకి డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. రెండో అడుగు, అంటే ఆ డబ్బుని రాత్ ఖాతాలోకి మార్చడం, మాత్రం వెయ్యరు. ఆ రెండో అడుగు లేకపోతే మొదటిదానివల్ల లాభం పెద్దగా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

"ఆఫ్టర్-టాక్స్ అన్నా రాత్ అన్నా ఒకటే కదండీ. రెండూ పన్ను కట్టాక వేసే డబ్బే."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మీ పేస్టబ్ (జీతం చీటీ) తెరవండి. 401కె కింద మూడు రకాల పేర్లు ఉండొచ్చు: ప్రీ-టాక్స్, రాత్, ఆఫ్టర్-టాక్స్. ప్రీ-టాక్స్‌లో వేస్తే ఇప్పుడు ఆదాయపు పన్ను పడదు, రిటైరయ్యాక తీసుకునేటప్పుడు మొత్తం మీద కడతారు. రాత్‌లో ఇప్పుడే పన్ను కట్టి వేస్తారు. 59½ ఏళ్లు దాటి, ఆ ఖాతా మొదలై ఐదేళ్లు నిండితే, అసలు, దాని మీద లాభం రెండూ పన్ను లేకుండా చేతికొస్తాయి. మూడోది ఆఫ్టర్-టాక్స్. ఇందులోనూ పన్ను కట్టాకే వేస్తారు, అసలు వెనక్కి తీసుకుంటే మళ్లీ పన్ను లేదు. కానీ ఆ డబ్బు మీద పెరిగిన లాభానికి జీతానికి పడే మామూలు రేటులోనే పన్ను పడుతుంది. తేడా అంతా అక్కడే.

లెక్క చూడండి. ఆఫ్టర్-టాక్స్‌లో వేసిన 20,000 డాలర్లు ఏళ్లు గడిచాక 60,000 అయ్యాయనుకుందాం. లాభం 40,000. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే పన్ను 8,800. అదే డబ్బుతో మామూలు బ్రోకరేజ్ ఖాతాలో ఫండ్లు కొని అట్టిపెట్టుకుని ఉంటే, అమ్మినప్పుడు చాలామందికి పడే దీర్ఘకాలిక రేటు 15 శాతం, అంటే 6,000. రాత్‌లో ఉండుంటే సున్నా. ఆఫ్టర్-టాక్స్‌లో వేసి ఊరికే వదిలేస్తే, బయట దాచుకున్నదాని కంటే ఎక్కువ పన్ను కట్టాల్సి రావచ్చన్నమాట.

కాబట్టి ఆఫ్టర్-టాక్స్‌ని దారిలో వచ్చే స్టాప్‌లా చూడండి. అక్కడినుంచి డబ్బుని రాత్ 401కెలోకో, బయట ఉన్న మీ రాత్ ఐఆర్‌ఏలోకో (కంపెనీతో సంబంధం లేకుండా మీరే తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) మార్చాలి. మెగా బ్యాక్‌డోర్ అనేది ఈ రెండు అడుగులూ కలిపితేనే. 2014లో అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన ఒక నోటీసు ఈ దారిని స్పష్టం చేసింది: ప్లాన్‌లోంచి డబ్బు బయటికి వచ్చేటప్పుడు పన్ను కట్టిన అసలు రాత్ ఐఆర్‌ఏకి, దాని లాభం, తీసేటప్పుడు పన్ను పడే ట్రెడిషనల్ ఐఆర్‌ఏకి విడగొట్టి పంపుకోవచ్చు.

మీరు ఏ రకంలో వేస్తున్నారో ఇంకా అనుమానంగా ఉంటే కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో 12వ బాక్సు చూడండి. డి కోడ్ ఉంటే ప్రీ-టాక్స్ 401కె, డబుల్ ఏ ఉంటే రాత్ 401కె. ఆఫ్టర్-టాక్స్‌కి అక్కడ కోడ్ లేదు. కొన్ని కంపెనీలు 14వ బాక్సులో చూపిస్తాయి, కొన్ని అసలు చూపించవు.

"మా ఇద్దరి జీతాలకి రాత్ కుదరదట."

కుదరనిది రాత్ ఐఆర్‌ఏలో నేరుగా వేయడం. 2026లో కలిసి ఫైల్ చేసే భార్యాభర్తలకి ఆ వెసులుబాటు 2,42,000 డాలర్ల ఆదాయం దగ్గర తగ్గడం మొదలై, 2,52,000 దగ్గర ఆగిపోతుంది. రాత్ 401కెకి ఇలాంటి ఆదాయ పరిమితి ఏదీ లేదు. 2006లో మొదలైనప్పటినుంచీ లేదు. ఆఫ్టర్-టాక్స్‌నుంచి రాత్‌కి మార్చుకోవడానికీ లేదు.

"ఏడాదికి 24,500 దాటి వేయనివ్వరు."

24,500 అనేది 2026లో ప్రీ-టాక్స్, రాత్ రెండూ కలిపి మీరు వేసుకునే డబ్బుకి హద్దు. దాని పైన ఇంకో పెద్ద హద్దు ఉంది: మీది, దానికి తోడుగా కంపెనీ ఇచ్చే మ్యాచ్, ఆఫ్టర్-టాక్స్ అన్నీ కలిపి 72,000. మీ 24,500, కంపెనీ మ్యాచ్ 8,000 పోతే ఇంకా 39,500 చోటు ఉంది. ఆఫ్టర్-టాక్స్ పట్టేది ఆ చోటులోనే. యాభై దాటినవాళ్లు వేసుకునే 8,000 క్యాచప్ ఈ లెక్కలోకి రాదు, అది అదనం.

ఒక జాగ్రత్త. ఏడాది మొదట్లోనే బోనస్ మొత్తం ఆఫ్టర్-టాక్స్‌లోకి తోసేస్తే, కంపెనీ మ్యాచ్ వచ్చే సమయానికి చోటు నిండిపోవచ్చు. ఊరికే వచ్చే డబ్బు పోగొట్టుకోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. మ్యాచ్‌కి చోటు మొదటే తీసిపెట్టుకుని మిగతాది లెక్క వేసుకోండి.

"చట్టంలో ఉంది కాబట్టి మా కంపెనీ ఇవ్వాల్సిందే."

ఇవ్వక్కర్లేదు. చట్టం అనుమతిస్తుంది, ప్లాన్ పత్రం నిర్ణయిస్తుంది. ఆఫ్టర్-టాక్స్ వేయనివ్వాలి, అది కాక ఉద్యోగంలో ఉండగానే మార్చుకోనివ్వాలి. రెండూ ఉన్న ప్లాన్లు ఎక్కువగా పెద్ద కంపెనీల్లో కనిపిస్తాయి. చిన్న కంపెనీలకి అడ్డం వచ్చేది ఏసీపీ టెస్టు: ఎక్కువ జీతాలవాళ్లు మాత్రమే ఈ లాభం పొందుతున్నారా అని ఏటా చూసే పరీక్ష. ఫెయిలైతే ఎక్కువ జీతం ఉన్నవాళ్లకి, అంటే ఈ ఏడాది లెక్కకి పోయిన ఏడాది 1,60,000 దాటి సంపాదించినవాళ్లకి, వేసిన డబ్బులో కొంత వెనక్కి పంపేస్తారు. ఒకతను మార్చిలో అలాంటి చెక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తనేదో తప్పు చేశాడని రెండు రాత్రులు నిద్రపోలేదట. అతని తప్పేమీ లేదు, వాళ్ల కంపెనీలో మిగతా ఉద్యోగులు ఎవరూ ఆఫ్టర్-టాక్స్ వేయలేదు, అంతే.

"మార్చితే రెండోసారి పన్ను పడుతుంది."

అసలు మీద పడదు. ఆఫ్టర్-టాక్స్‌లో వేసినప్పటినుంచి మార్చిన రోజు వరకు వచ్చిన లాభాన్ని కూడా రాత్‌లోకి తెస్తేనే, ఆ లాభం మీద మాత్రం పడుతుంది. వెంటనే మార్చేస్తే ఆ లాభం పదో పరకో ఉంటుంది. "డిసెంబర్‌లో ఒకేసారి చేసేద్దాంలే" అనుకుంటే అది పెరుగుతూ పోతుంది. కొన్ని ప్లాన్లలో ప్రతి జీతానికీ దానంతట అదే మారిపోయే సౌకర్యం ఉంటుంది. వెబ్‌సైట్‌లో ఒక్కసారి ఆన్ చేసుకుంటే చాలు.

రెండోసారి పన్ను కట్టినవాళ్లు మాత్రం ఉన్నారు. అది చట్టం వల్ల కాదు, ఫారం తప్పుగా నింపడం వల్ల. ఒకాయన పాత రిటర్ను నాకు చూపించారు. రిటైర్మెంట్ ఖాతాలోంచి డబ్బు కదిలితే ప్లాన్ వాళ్లు పంపే 1099-ఆర్ ఫారంలో, మొదటి బాక్సులో 30,120, 2ఏలో 120, అయిదో బాక్సులో 30,000, నేరుగా మార్చారని చెప్పే కోడ్ జి. చదవడం తెలిస్తే ఇది చాలా తేలికైన కాగితం: మొత్తం మారింది 30,120, అందులో ముందే పన్ను కట్టింది 30,000, ఇప్పుడు పన్ను పడేది 120. రిటర్నులో 5ఏ లైనులో 30,120, 5బీలో 120 రావాలి. ఆయన రిటర్నులో రెండు లైన్లలోనూ 30,120 ఉంది. 24 శాతం శ్లాబు, అంటే 7,200 డాలర్లు అనవసరంగా కట్టారు. సవరణ రిటర్ను 1040-ఎక్స్‌తో సరిచేసి వెనక్కి తెప్పించాం. సాధారణంగా ఫైల్ చేసిన మూడేళ్లలోపు అలా అడగొచ్చు. దయచేసి ఈ రాత్రే మీ పాత రిటర్నుల్లో ఆ రెండు లైన్లు చూసుకోండి.

"అరవై ఏళ్లదాకా ఆ డబ్బు ముట్టుకోలేం."

రాత్ ఐఆర్‌ఏలోకి మార్చిన డబ్బులో, పన్ను ముందే కట్టేసిన భాగాన్ని అవసరమైతే పన్నూ పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. లాభానికే ఆంక్షలు. రాత్ 401కెలోనే ఉంచితే రూలు వేరు: ముందుగా తీస్తే అసలు, లాభం ఒకే నిష్పత్తిలో కలిసి వస్తాయి.

"ఇండియా వెళ్లిపోతాం కదా, రాత్ అయితే అక్కడా పన్ను ఉండదు."

ఈ మాట నమ్మి ప్లాన్ వేసుకోవద్దు. అమెరికా పన్ను వేయదు కాబట్టి భారత్ కూడా వేయదని ఎక్కడా రాసి లేదు. 2021లో భారత ఆదాయపు పన్ను చట్టంలో 89ఏ సెక్షన్ చేర్చి, అమెరికా లాంటి నోటిఫై చేసిన దేశాల రిటైర్మెంట్ ఖాతాల మీద పన్ను, డబ్బు తీసుకునేదాకా వాయిదా వేసుకునే వీలిచ్చారు. కానీ ఆ సెక్షన్ చెప్పేది, తీసేటప్పుడు ఆ దేశం పన్ను వేసే ఖాతా గురించి. రాత్‌ని సరిగ్గా తీస్తే అమెరికా పన్ను వేయదు. చిక్కంతా అక్కడే. వెనక్కి వెళ్లిన మొదట్లో చాలామందికి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (నివాసే కానీ పూర్తి స్థాయి నివాసి కాదు అని) ఉంటుంది, ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద భారత్‌లో మామూలుగా పన్ను పడదు. ఏది ఎప్పుడు తీయాలో, టికెట్లు బుక్ చేసుకోకముందే, రెండు దేశాల పన్నులూ తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చుకోండి.

ఇంకో మాట. అమ్మానాన్నలకి నెలనెలా పంపేవాళ్లు, క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాళ్లు, హెచ్-1బీ మీద ఉండి ఆరు నెలల ఖర్చు చేతిలో లేనివాళ్లు ముందు అవి చూసుకోవాలి. కంపెనీ మ్యాచ్ పూర్తిగా తీసుకోకుండా ఆఫ్టర్-టాక్స్ మొదలుపెట్టడం నేను ఎవరికీ చెప్పను.

"లేఆఫ్ అయితే ఆఫ్టర్-టాక్స్ డబ్బు చిక్కుల్లో పడుతుంది."

నిజానికి మార్చుకోవడానికి అది కూడా ఒక అవకాశమే. పోయిన ఏడాది ఒకమ్మాయి ఉద్యోగం పోయిన వారానికే వచ్చింది. ఆరేళ్లుగా ఆఫ్టర్-టాక్స్‌లో వేసింది, ఒక్కసారి కూడా మార్చలేదు. "ఇప్పుడు ఏం చేసినా ఆలస్యమే కదా అన్నయ్యా" అంది. ప్లాన్ వాళ్లకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. వేసిన అసలు రాత్ ఐఆర్‌ఏకి, లాభం, ప్రీ-టాక్స్ డబ్బు ట్రెడిషనల్ ఐఆర్‌ఏకి, రెండు వేర్వేరు చెక్కులు కావాలని అడిగాం. రెండూ ఆమె పేరుమీద కాకుండా కొత్త బ్రోకరేజ్ పేరుమీద, ఆమె తరఫున అని రాసి ఇవ్వమన్నాం. ఆమె పేరుమీద ఇస్తే పన్ను పడే భాగంలో 20 శాతం ముందే పట్టుకుంటారు. గడిచిన ఆరేళ్ల లాభాన్ని రాత్‌లోకి పన్ను లేకుండా తేలేకపోయాం. అసలు మొత్తం మాత్రం ఒక్క డాలరు పన్ను లేకుండా రాత్‌లోకి చేరింది. పది రోజుల తర్వాత రెండు చెక్కులూ తెచ్చి నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఏది ఎందులో వేయాలో కవర్ల మీద తెలుగులో రాసుకుని వెళ్లింది.