చేను గట్టు మీది టేకు, ఇంటి దర్వాజ: అపోహలు - వాస్తవాలు

నేను వడ్రంగిని. ఇల్లు కట్టేవాళ్లు నా దగ్గరికి రాగానే దర్వాజ డిజైన్ గురించి అడుగుతారు. నేను మాత్రం కట్టె ఎక్కడిదని అడుగుతాను. "మన చేన్లదే" అంటే, నరికారా, ఇంకా నిలబడే ఉందా అన్నది నా రెండో ప్రశ్న.

అపోహ: పట్టా నాది, చెట్టు నేను పెట్టింది. పర్మిషన్ దేనికి?

వాస్తవం: సొంత భూమిలోని టేకు చెట్టు నరకాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. టేకుకు అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లొచ్చి నిలబడ్డ చెట్లను లెక్కపెట్టి, రొమ్ము ఎత్తులో చుట్టుకొలత రాసుకుంటారు. నరికాక దుంగలను దానితో సరిచూస్తారు. చెట్టు నిలబడి ఉండగా ఎవరూ చూడకపోతే, ఆ దుంగ మీ చేనుదో అడవిదో తేల్చేదెట్లా? గొడవంతా ఇక్కడే.

అపోహ: నరకడానికి కాగితం వచ్చిందిగా, బండికెత్తేయొచ్చు.

వాస్తవం: తరలించడానికి వేరే పర్మిట్ ఉంది, 1970 నాటి రవాణా నిబంధనల కింద ఇస్తారు. అందులో దుంగల లెక్క, కొలతలు, బండి నంబరు, గడువు అన్నీ ఉంటాయి. దుంగ కోసిన ముఖం మీద సుత్తి ముద్ర కొడతారు. వేలితో తడిమితే ఆ గుంట తగులుతుంది. రంపం కింద పెట్టాక ముద్ర మిగలదు, అందుకే పర్మిట్ నకలు ఇల్లు పూర్తయ్యాక కూడా దాచమంటాను.

మా దగ్గరి రైతొకాయన బిడ్డ పెళ్లిలోపు ఇల్లు అయిపోవాలని దుంగలను రాత్రిపూట కిరాయి ట్రాక్టర్‌లో పంపాడు. చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. ఆ చెట్లు ఆయనవేనని నాకు తెలుసు, నా కళ్ల ముందు పెరిగినవి. చూపించడానికి కాగితమే లేదు. కట్టె పోయింది. 1967 అటవీ చట్టం కింద బండిని కూడా జప్తు చేయొచ్చు. పాపం, ట్రాక్టరాయన నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగాడు.

అపోహ: కోత ఏ సామిల్లులోనైనా ఒకటే.

వాస్తవం: లైసెన్సున్న మిల్లులోనే కోయించండి, బిల్లు తీసుకోండి.

అపోహ: ఆఫీసర్లు తనిఖీ చేశారంటే కట్టె మంచిదే.

వాస్తవం: వాళ్లు చూసేది కట్టె ఎక్కడిదనే. పచ్చిదా, ఆరిందా అన్నది వడ్రంగి చూడాలి. నేను తేమ మీటరు సూదులు గుచ్చి, 12 శాతం దగ్గరికొచ్చాకే పనికి తీసుకుంటాను. పచ్చి కట్టెతో తలుపు బిగిస్తే ఎండాకాలం రాగానే పలకల మధ్య సందులు పడతాయి. తొందరగా ఆరాలని కోసిన చెక్కలను ఎండలో వేస్తారు, దాంతో కొసలు పగులుతాయి. నీడలో, వరుస వరుసకు మధ్య బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చండి.