రెండిళ్లకీ ఒకే అడ్రస్ ఉండొచ్చా?

పిల్లలూ,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. స్నేహితుడి ఇంట్లో వైఫై సెట్టింగ్స్ తెరిచి చూశాడట, రౌటర్ అడ్రస్ 192.168.1.1 అని ఉందట. ఇంటికొచ్చి చూసుకుంటే మీదీ అదే. "తాతయ్యా, రెండిళ్లకీ ఒకటే అడ్రస్ అయితే నాకు రావాల్సిన వీడియో వాడింటికి పోదా?" అన్నాడు. అప్పటికి "పోదులేరా" అని ఫోన్ పెట్టేశాను గానీ, అంత మంచి ప్రశ్నకి అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం, అందరూ చదవండి.

వాడి పేరుతోనే మొదలుపెడతాను. ఇంట్లో వాణ్ని బుజ్జి అంటాం, బడి రిజిస్టర్లో మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తి పేరుంటుంది. వీధిలో నిలబడి "బుజ్జీ!" అని కేకేస్తే పది గుమ్మాల్లోంచి పదిమంది తొంగిచూస్తారు. అదే వంటగదిలోంచి పిలిస్తే ఒక్కడే వస్తాడు. గోడలు దాటనంత వరకూ ఆ పేరు ఎన్ని ఇళ్లలో ఉన్నా ఇబ్బంది లేదు. 192.168.1.1 కూడా అలాంటి ముద్దుపేరే.

ఏ అంకెల్ని ముద్దుపేర్లుగా పెట్టుకోవచ్చో ముందే నిర్ణయించి పెట్టారు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే, ఇంటర్నెట్ పద్ధతులు రాసుకునే పత్రాల్లో ఒకదానిలో ఉంది అది. మొదటి చుక్కకి ముందు 10 ఉన్నవన్నీ మనవే, అవి 1 కోటి 67 లక్షలకు పైనే. 192.168తో మొదలయ్యేవి 65,536. మధ్యలో 172.16 నుంచి 172.31 దాకా ఇంకో గుంపు ఉంది, 10 లక్షల 48 వేల 576. వీటికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. బయటి ఇంటర్నెట్లో వీటికి దారే ఉండదు.

ఎందుకు ఇలా చేయాల్సి వచ్చిందంటే, 1981లో ఈ అడ్రస్ పద్ధతిని రాసినప్పుడు మొత్తం వచ్చేవి సుమారు 429 కోట్లే. అప్పటికి అది సముద్రం. ఇప్పుడు భూమ్మీద మనుషులే 800 కోట్లు దాటారు, మీ ఒక్క ఇంట్లోనే ఫోన్లు, టీవీ, ప్రింటర్ కలిపి లెక్కపెట్టండి ఎన్నవుతాయో. ప్రపంచం మొత్తానికీ అడ్రస్‌లు పంచే కేంద్ర ఖజానా 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది. అయినా మన పని ఆగలేదంటే ఈ ముద్దుపేర్ల పుణ్యం చాలా ఉంది.

మరి ముద్దుపేరుతో బయటి నుంచి వీడియో ఎలా వస్తుంది? రౌటర్‌ని గుమ్మంలో కూర్చున్న ఇంటిపెద్ద అనుకోండి. లోపలి నుంచి బుజ్జి ఒక చీటీ ఇస్తాడు, ఆయన దాని మీద ముద్దుపేరు కొట్టేసి ఇంటి అసలు అడ్రస్ రాసి, ఒక గుర్తు నంబరు వేసి బయటికి పంపుతాడు, ఆ నంబరు ఎవరిదో తన పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు అదే నంబరుతో తిరిగొస్తుంది, పుస్తకం చూసి బుజ్జి చేతిలో పెడతాడు. స్నేహితుడి ఇంటి గుమ్మంలో ఉన్న పెద్దాయన వేరు, ఆయన పుస్తకం వేరు. కాబట్టి నీ వీడియో నీకే వస్తుందిరా.

అయితే ముద్దుపేర్లతో ఒక్క చిక్కుంది, అది నాకు చిన్నప్పుడే తెలిసింది. ఇంట్లో నన్ను చిన్నా అనేవాళ్లు. సెలవులకి మా పెద్దనాన్న కొడుకు వచ్చాడు, వాళ్లింట్లో వాడూ చిన్నానే. మా నాయనమ్మ పిలిస్తే ఇద్దరం పరిగెత్తేవాళ్లం, లేదా నన్ను కాదులే అనుకుని ఇద్దరం కదిలేవాళ్లం కాదు. ఒకరోజు ఊరెళ్లిన మా నాన్న దగ్గర నుంచి కవరు వచ్చింది, లోపల ఒక కాగితం మీద "చిన్నాకి" అని మాత్రమే ఉంది. వాడు తనకే అనుకుని తీసుకెళ్లి చదివేసుకున్నాడు. అది నాకోసం రాసిన మొదటి ఉత్తరం, నేను ఆ రాత్రంతా ఏడ్చాను. వాడి తప్పేం లేదు, వాడి పేరూ అదే కదా. మర్నాడు నాయనమ్మ వాణ్ని పెద్దచిన్నా అని పిలవడం మొదలుపెట్టింది, గొడవ తీరింది.

మీ అమ్మ ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తూ వీపీఎన్ ఆన్ చేస్తుంది చూడండి, అది రెండిళ్ల మధ్య తలుపు తెరవడమే. ఆఫీసులో ఏదో ఒక కంప్యూటర్ 192.168.1.20, మీ టీవీ కూడా 192.168.1.20 అయితే అమ్మ లాప్‌టాప్ మామూలుగా పక్కనున్న టీవీనే పిలుస్తుంది. ఆఫీసుది ఎంత పిలిచినా పలకదు. చాలా రౌటర్లు 192.168.0 లేదా 192.168.1 పెట్టుకునే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి, అందుకే ఆ రెండూ వద్దంటాను. మూడో అంకె, అంటే 192.168 తర్వాత వచ్చేది, ఎవరికీ తట్టనిది పెట్టండి, 73 అనో 146 అనో. 10తో మొదలయ్యేవి పెద్ద ఆఫీసులు బాగా వాడతాయి, ఇంటికి 192.168 చాలు. 172 గుంపుకి అంచు గుర్తుండదు, 31 దాటి 32 పెట్టారంటే అది బయటెవరిదో అసలు అడ్రస్.

అంచు దాటితే ఏమవుతుందో నేను చూశాను. మొదటిసారి రౌటర్ సరిచేసినప్పుడు 192.168 బదులు 192.169 కొట్టాను. ఇంట్లో అన్నీ బాగానే పనిచేశాయి, అదే అసలు ప్రమాదం. ఒక్క వెబ్‌సైట్ మాత్రం తెరుచుకునేది కాదు, ఎందుకంటే దాని అసలు అడ్రస్‌ని నేను ఇంట్లో పేరుగా పెట్టేసుకున్నాను, నా కంప్యూటర్లు దాన్ని ఇంట్లోనే వెతుక్కునేవి. కారణం దొరకడానికి వారం పట్టింది. మనది కాని దాన్ని తెలియక తీసుకున్నా ఎక్కడో ఒకచోట తలుపు మూసుకుపోతుందిరా.

చివరి అంకె సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు ఇంటి అమరికలో 0, 255 ఎవరికీ ఇవ్వకూడదు. 1 రౌటర్‌కి. ప్రింటర్ లాంటి కదలని వాటికి 2 నుంచి 99 లోపు మీరే ఇవ్వండి. వచ్చీపోయే ఫోన్లకి 100 నుంచి 199 దాకా రౌటర్నే పంచమనండి, డీహెచ్‌సీపీ అని సెట్టింగ్ ఉంటుంది. రెండు వరుసలూ కలవనీయకండి, ఎవరికి ఏది ఇచ్చారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

255 దగ్గరే ఎందుకు ఆగుతుందో చెప్పను. 1 నుంచి మొదలుపెట్టి ఎనిమిదిసార్లు రెట్టింపు చేసి చూడండి, అంకెల లెక్క 0 నుంచి మొదలవుతుందని మాత్రం మరవకండి.

ఇప్పుడు లేచి ఒక పని చేయండి. మీ ఫోన్లు రెండూ వైఫైలో పెట్టి, ఒక్కొక్కదాని ఐపీ అడ్రస్ (ఇంతసేపూ చెప్పుకున్న అడ్రస్ పేరే అది) సెట్టింగ్స్‌లో చూడండి, చివరి అంకె తేడా ఉంటుంది. తర్వాత రెండింట్లోనూ బ్రౌజర్లో "నా ఐపీ అడ్రస్ ఏది" అని వెతకండి. అక్కడ కనబడే దాన్ని, రౌటర్ పేజీలో బయటి అడ్రస్ అని ఉన్నదాన్ని పక్కపక్కన రాయండి. ఒకవేళ రౌటర్ పేజీలోది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, మీ ఇంటిపెద్ద పైన ఇంకో పెద్దాయన ఉన్నాడన్నమాట, ఎన్నో ఇళ్లకి కలిపి ఒక్కడే గుమ్మంలో కూర్చుని.

బుజ్జీ, మూడో అంకె నువ్వే ఎంచు. ముందు అమ్మనడుగు, ఆఫీసులో ఏవి వాడతారో. ఏది పెట్టావో నాకు ఫోన్ చేసి చెప్పు, నా నోట్‌బుక్‌లో మీ ఇంటి పేరు పక్కన రాసుకుంటాను.

మీ తాతయ్య