ఎముక ముందా, ప్లేటు ముందా?

"కాల్లో ప్లేటు వేశారు, ఇంక ఆ కాలికి ఢోకా లేదు" అంటుంటారు. స్టీలు ఎముక కన్నా గట్టిది కదా అన్న ధీమా. కానీ ఎముక నెలల తరబడి అతుక్కోకపోతే ఆ ప్లేటు కూడా విరిగిపోవచ్చు. ఇంప్లాంట్లు డిజైన్ చేసేవాళ్ల తపనంతా ప్లేటు అలిసిపోయేలోగా ఎముక అతుక్కోవాలనే.

ఇనుప తీగని ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే పుటుక్కున తెగుతుంది. ప్లేటూ అంతే, అడుగు అడుగుకీ కంటికి కనిపించనంతగా వంగి లేస్తుంది. రోజుకి 5,000 అడుగులు వేసే మనిషి, ఏడాదిలో ఒక్కో కాలి మీద 9 లక్షల సార్లకు పైగా బరువు వేస్తాడు. అందుకే ల్యాబ్‌లో ప్లేటుని యంత్రానికి బిగించి 10 లక్షల సార్లు వంచి చూస్తారు. సెకనుకి 5 సార్ల చొప్పున అయితే రెండున్నర రోజుల్లోపే అయిపోతుంది. బరువు పెంచుతూ కొన్నిటిని కావాలనే విరగనిస్తారు. విరిగిన చోట మైక్రోస్కోప్‌తో చూస్తే, పగులు చాలావరకు స్క్రూ రంధ్రం అంచున మొదలై ఉంటుంది. అది మెల్లగా పాకిన దారిలో, ఇసుక మీద అలలు వదిలినట్టు వంపు గీతలు కనిపిస్తాయి.

మరి ప్లేటుని ఇంకాస్త మందంగా చేస్తే సరిపోదా? మందం రెట్టింపు చేస్తే అది వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. స్టీలు అసలే ఎముక కన్నా పది రెట్లు బిగుసు, టైటానియం ఐదారు రెట్లు. బరువంతా ప్లేటే మోస్తే, పని లేని ఎముక పలచబడిపోతుంది.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇంకొకటుంది. రెండు ముక్కలూ చక్కగా ఆనుకుంటే గట్టిగా బిగించేస్తారు. నుజ్జయిన ఎముక సంగతి వేరు. అక్కడ కొత్త ఎముక పుట్టాలంటే పగులు దగ్గర కాస్త కదలిక ఉండాలి, కానీ మితిమీరకూడదు. 1 మిల్లీమీటరు సందులో 0.1 మిల్లీమీటరు కదిలితే అది 10 శాతం. ఆ హద్దు దాటితే ఎముక కణాలు నిలవలేవు. అదే కదలిక 5 మిల్లీమీటర్ల మేర పంచుకుంటే 2 శాతమే, హాయిగా తట్టుకుంటాయి. అందుకే అలాంటి చోట కదలిక ఒక్క దగ్గరే పడకుండా పొడవైన ప్లేటు వేసి, పగులుకి దగ్గరున్న రంధ్రాలు ఖాళీగా వదిలేస్తారు. ఎక్స్‌రేలో అవి చూసి, స్క్రూలు వేయడం మర్చిపోయారేమోనని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. అవి లెక్క ప్రకారం వదిలినవే.

కొన్ని వారాలు కాలు మీద బరువు పెట్టొద్దని డాక్టర్ చెప్పినప్పుడు, ఆ ప్లేటు విరగకుండా తట్టుకోగల వంపుల్లో కొన్నిటిని మిగిల్చినట్టే. ఆలోగా పగులు చుట్టూ ఎక్స్‌రేలో పలచటి మబ్బులాంటిది కనిపిస్తుంది. అదే కొత్త ఎముక. అది చిక్కబడేకొద్దీ ప్లేటు మీద భారం తగ్గుతూ వస్తుంది.