పడే మార్కెట్లో పెరిగే షేర్లు: అపోహలు - వాస్తవాలు

నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) వరసగా నాలుగు రోజులు పడితే చాలు, ఒంగోలులో నా దగ్గరికి వచ్చేవాళ్ల ప్రశ్న మారిపోతుంది. "ఈరోజు పెరుగుతున్నవేవో చెప్పండి సార్, అవే కొనేస్తాం" అంటారు. పడే మార్కెట్లో బలంగా నిలబడ్డ షేర్లను పట్టుకోవడం పనిచేసే పద్ధతే. నేను చేసేదీ, నేర్పేదీ అదే. కానీ దాని చుట్టూ అల్లుకున్న మాటలు మాత్రం జనం డబ్బు తినేస్తున్నాయి.

అపోహ: మార్కెట్ ఎర్రగా ఉన్నరోజు పచ్చగా కనిపించే ప్రతి షేరూ బలమైనదే.

ఒక్కరోజు రంగు చూసి బలం చెప్పలేం. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది. సబ్బులు, షాంపూలు అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ మాత్రం దాదాపు 6 శాతం పెరిగింది. భయపడిన డబ్బు ఆ పూటకు అక్కడ తలదాచుకుంది. మూడు రోజులు తిరక్కుండానే, జూన్ 7న, సెన్సెక్స్ రికార్డు స్థాయిలో ముగిసింది. అంటే ఆ భయం అంతలోనే పోయింది.

బలం తెలియాలంటే వారాల లెక్క కావాలి. ప్రతి శుక్రవారం షేరు ముగింపు ధరను నిఫ్టీతో భాగించి, వెయ్యితో హెచ్చించి రాసుకోండి. 2022 మొదట్లో సిగరెట్ల కంపెనీ ఐటీసీ షేరు సుమారు 218 రూపాయలు, నిఫ్టీ సుమారు 17,350. లెక్క కడితే 12.6. జూన్ మధ్యకు నిఫ్టీ 15,300కి జారింది, ఐటీసీ 260 దాటింది. అంటే 17. ఆర్నెల్లుగా ఆ అంకె పెరుగుతూ వస్తోందంటే, అదీ బలం. షేరు పెరిగి తీరాలని కూడా లేదు. నిఫ్టీ 5 శాతం పడినప్పుడు 1 శాతమే పడిన షేరునూ నేను జాబితాలో రాసుకుంటాను. మార్కెట్ తిరిగినప్పుడు ముందుగా లేచేవి చాలాసార్లు అలాంటివే.

ఆర్‌ఎస్‌ఐ (చార్టుల్లో కనిపించే రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్) అంటే ఇదే కదా అని అడుగుతారు. కాదు. ఆర్‌ఎస్‌ఐ ఒక షేరును దాని సొంత పాత ధరలతోనే పోలుస్తుంది. నిఫ్టీతో దానికి పనిలేదు.

అపోహ: పొగాకు రేటు బాగుంది, కాబట్టి ఐటీసీ పెరుగుతుంది.

టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల చుట్టుపక్కల ఈ మాట బాగా వినిపిస్తుంది. ఆకు రేటు పెరిగితే రైతుకు లాభం. కొనే కంపెనీకి అది ఖర్చు. 2022లో ఐటీసీ పెరగడానికి కారణాలు వేరు: ఆ ఏడాది బడ్జెట్‌లో సిగరెట్లపై పన్ను పెంచలేదు, కోవిడ్ తర్వాత దాని హోటళ్లు మళ్లీ నిండాయి. ఆకు ఎండబెట్టే బ్యారన్ ఉన్న రైతుకు ఆకు గురించి నాకంటే వంద రెట్లు ఎక్కువ తెలుసు, అందులో అనుమానం లేదు. షేరు ధరను నడిపే లెక్క మాత్రం వేరే చోట ఉంటుంది.

రూపాయి పడితే, డాలర్లలో సంపాదించే ఐటీ కంపెనీల షేర్లు పెరుగుతాయన్నదీ ఇలాంటిదే. అదే 2022లో డాలరు 74 రూపాయల నుంచి 82 దాటింది. నిఫ్టీ ఐటీ సూచీ ఆ ఏడాది నాలుగో వంతు పోగొట్టుకుంది.

అపోహ: అందరూ ఏడుస్తుంటే అప్పర్ సర్క్యూట్ కొట్టే చిన్న షేరు దొరికితే అదృష్టమే.

దీని గురించి గట్టిగా చెప్పాలి. సర్క్యూట్ అంటే ఒక రోజులో షేరు ధర కదలడానికి ఎక్స్చేంజీ పెట్టిన హద్దు. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో పడే మార్కెట్ రోజుల్లోనే ఇలాంటి పేర్లు ఎక్కువగా తిరుగుతాయి. పైకి సర్క్యూట్ కొట్టినప్పుడు అమ్మేవాడు ఉండడు. అది తిరగబడి లోయర్ సర్క్యూట్ కొట్టినప్పుడు కొనేవాడు ఉండడు, నష్టం ఒక హద్దు దాటకుండా అమ్మేయమని ముందే పెట్టిన మీ స్టాప్‌లాస్ అమలు కాకుండా అలా నిలబడే ఉంటుంది. ఆ షేరు ఎక్స్చేంజీల ఏఎస్ఎం, జీఎస్ఎం నిఘా జాబితాల్లో ఉందేమో చూడండి. డెలివరీ శాతం, అంటే అదేరోజు తిరిగి అమ్మేయకుండా నిజంగా చేతులు మారిన షేర్ల వాటా, చూడండి. రోజుకు కొద్ది లక్షల రూపాయల వ్యాపారం కూడా జరగని షేరైతే నేను ముట్టుకోను.

అపోహ: షేరు బలంగా ఉంటే ఎంతైనా పెట్టొచ్చు.

2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడినప్పుడు మామూలుగా నిలబడే ఫార్మా, రోజువారీ సరుకులమ్మే ఎఫ్‌ఎంసీజీ షేర్లు కూడా తప్పించుకోలేదు. అందుకే పడే మార్కెట్లో నేను మామూలు రిస్కులో సగమే తీసుకుంటాను. రెండు లక్షల పెట్టుబడికి మామూలుగా 1 శాతం, అంటే 2,000 నష్టం వరకు భరిస్తే, ఇప్పుడు 1,000. షేరు 500కి కొని 480 దగ్గర స్టాప్‌లాస్ పెడితే ఒక్కో షేరుకు నష్టం 20, కాబట్టి వచ్చేవి 50 షేర్లు. పెట్టే డబ్బు 25,000. ఇది కూడా పూర్తి రక్షణ కాదు. అమెరికా సుంకాల భయంతో 2025 ఏప్రిల్ 7న నిఫ్టీ వెయ్యి పాయింట్లకు పైగా కిందే ఓపెన్ అయింది. అలాంటి ఉదయం షేరు నేరుగా 455 దగ్గర ఓపెన్ అయితే, 480 దగ్గర పెట్టిన స్టాప్‌లాస్ 455 దగ్గరే అమ్ముడవుతుంది.

ఆ సుంకాలు మన రొయ్యల రైతులనూ తాకాయి, రొయ్యల కంపెనీల షేర్లనూ తాకాయి. కావలి, కొత్తపట్నం వైపు చెరువులు ఉండి అవే షేర్లు పట్టుకున్నవాళ్లకు ఒకే వార్త రెండు వైపులా కొట్టింది. చెరువు ఉన్నవాళ్లు అడిగితే నేను చెప్పేది ఒక్కటే: చార్టు ఎంత బలంగా ఉన్నా రొయ్యల షేర్లు వదిలేయండి, అమెరికా ఆర్డర్లతో సంబంధం లేని రంగం చూడండి.