రెండు లైన్లుంటే నెట్ పోదా?

"రెండు కంపెనీల లైన్లు పెట్టించాం, ఇంక నెట్ పోయే మాటే లేదు కదండీ?" టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ షాపుకి కేబుల్ లాగినా ఇదే మాట. పోతుందండీ. రెండూ ఒకేసారి పోతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టాక, దారులు తెరుచుకోగానే పలాస దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటరుకి వెళ్లాను. "ఏటి బాబూ, రెండిటికీ డబ్బులు కడతన్నాను, రెండూ ఎలా పోనాయి?" అని సెంటరు నడిపే ఆవిడ ఏడుపొక్కటే తక్కువ. బయటికి తీసుకెళ్లి చూపించాను. కొబ్బరిచెట్టు పడి విరిగిన స్తంభం, దానికి ఒకే తీగతో కట్టిన రెండు నల్ల కేబుళ్లు. బిల్లులు రెండు, స్తంభం ఒకటి. ఆవిడ తప్పేముంది? అమ్మినవాళ్లు చెప్పలేదు, అడగాలని ఆవిడకి తెలీదు.

"ఇంటర్నెట్‌ని అణుబాంబుకి తట్టుకునేలా కట్టారట, దారి మూసుకుపోతే అదే ఇంకో దారి వెతుక్కుంటుందట" అంటారు. బాంబుల సంగతి ఆలోచించింది అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థలో పాల్ బారన్ అనే ఇంజనీరు; ఆయన రిపోర్టులు 1964 నాటివి. 1969లో మొదలైన ఆర్పానెట్, అంటే ఇంటర్నెట్‌కి ముందు తరం నెట్‌వర్కు, కట్టింది ఖరీదైన కంప్యూటర్లని దూరం నుంచి పంచుకోవడానికి. ప్యాకెట్ (నెట్‌లో పోయే డేటా ముక్క) దారి వెతుక్కోవడం నిజమే, కానీ వెతుక్కోవడానికి ఇంకో దారంటూ ఉండాలి కదా! 1986 డిసెంబరు 12న అమెరికాలో న్యూ ఇంగ్లండ్‌కి ఆర్పానెట్ లైన్లు ఏడు ఉండేవి. ఏడూ ఒకే ఫైబర్ కేబుల్లో పోతున్నాయి. అది తెగింది, ఆ ప్రాంతం మొత్తం విడిపోయింది. మన పలాస కథే, ముప్ఫై రెండేళ్ల ముందు.

డేటా ఏ దారిన పోతోందో చూపించే ట్రేస్‌రూట్ కమాండ్ కొడితే దారిలో దాన్ని ముందుకి పంపే రౌటర్లు కనిపిస్తాయి, స్తంభాలు కనిపించవు. కింది లేయర్ (తీగలు, స్తంభాలు) గొడవ పై లేయరుకి (ప్యాకెట్లు పంపే పద్ధతికి) తెలియనక్కర్లేదన్నదే ఇంటర్నెట్ బలం. అందుకే రాగి తీగ మీద నడిచిన ఐపీ, అంటే ఆ ప్యాకెట్లు పంపే పద్ధతి, ఫైబర్ మీదా వైఫై మీదా నడుస్తోంది. ఇక్కడ ఆ బలమే కొంప ముంచింది.

"అంతా ఏఐయే కదా సార్, నెట్‌వర్కింగ్‌లో ఇంకేం మిగిలింది?" అని మా ఊరి ఇంజనీరింగ్ పిల్లలు దిగులుగా వస్తారు. ఇది మిగిలింది నాయనా. ఒక కంపెనీ తన లోపల ఏ లైన్లు ఒకే గుంతలో ఉన్నాయో రాసుకోగలదు. రెండు కంపెనీల మధ్యకి వచ్చేసరికి ఎవరి మ్యాపు వాళ్ల బీరువాలోనే. ఆ మ్యాపులు బయటపెట్టకుండానే "ఈ రెండూ ఒకే స్తంభం మీదున్నాయి" అని చెప్పే పద్ధతి కనిపెట్టండి, మొదట వాడేది నేనే.

మంచి డిజైనైతే అందరూ వాడేస్తారనుకోవడం ఇంకో భ్రమ. ఐపీలో కొత్త వెర్షన్ ఐపీవీ6 తొలి ప్రమాణం 1995లో వచ్చింది, ఇప్పటికీ పాత ఐపీవీ4తో కాపురం తప్పలేదు. పాతదాని పక్కన బతకలేని కొత్తది నా దగ్గరికి తేకండి.

పలాస ఆవిడ తర్వాత రెండో లైను వైర్‌లెస్‌కి మార్చుకుంది. ఆ టవరు వెనక ఫైబర్ ఏ దారిన వస్తోందో నేనే బండి మీద వెళ్లి, స్తంభం స్తంభం చూసొచ్చాకే డబ్బు కట్టనిచ్చాను.