డ్రైవరా, త్రీ వుడ్డా? గోల్ఫ్ టీ దగ్గర అపోహలు - వాస్తవాలు

"డ్రైవర్ నాకు పడదు కోచ్, త్రీ వుడ్డే సేఫ్." గోల్ఫ్ ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే ఈ మాట అంటారు. డ్రైవర్ అంటే ఎక్కువ దూరం కొట్టే పొడుగాటి క్లబ్ (బంతిని కొట్టే కర్ర), త్రీ వుడ్ దానికంటే కొంచెం పొట్టిది. టీ అంటే మొదటి షాట్‌కి బంతిని నిలబెట్టే చిన్న మేకు, ఆ షాట్ కొట్టే చోటునీ అలాగే అంటాం. ఎవరు చెప్పారని అడిగితే ఒకరు కేడీ (ఆటగాడి బ్యాగు మోసేవాడు) అంటారు, ఒకరు ఆఫీసులో సీనియర్ అంటారు, ఇంకొకరు ఏదో వీడియోలో చూశామంటారు. హైదరాబాద్‌లో నేర్చుకునేవాళ్లే కాదు, డాలస్ నుంచి సెలవులకొచ్చి నాతో ఒక రౌండ్ ఆడే మనవాళ్లూ ఇదే అంటారు. నేను ముందు కేడీగా బ్యాగులు మోసి, తర్వాత కోచింగ్‌లోకి వచ్చినవాణ్ని. మంచి ఆటగాళ్లు కూడా ఈ ఒక్క నమ్మకం పట్టుకుని ఏళ్ల తరబడి స్ట్రోకులు (బంతిని కొట్టే దెబ్బలు, ఎంత తక్కువైతే అంత మంచి స్కోరు) వృథాగా పోగొట్టుకోవడం దగ్గర్నుంచి చూశాను. అందుకే ఇక్కడ ఎక్కువ దీని గురించే చెబుతాను, మిగతావి గబగబా ముగిస్తాను.

అపోహ: డ్రైవర్ వంకర పోతుంది, త్రీ వుడ్ తిన్నగా పోతుంది

ముందు లెక్క చూద్దాం. మీ డ్రైవర్ 230 గజాలు, త్రీ వుడ్ 205 గజాలు పోతుందనుకోండి. బంతి మీరు గురిచూసిన లైన్‌కి 5 డిగ్రీలు కుడికి బయల్దేరింది. డ్రైవర్‌తో కొడితే అది లైన్‌కి 20 గజాల అవతల పడుతుంది, త్రీ వుడ్‌తో అయితే 18 గజాల అవతల. అంటే పాతిక గజాల దూరం వదులుకుని మీరు కాపాడుకున్నది రెండు గజాలు. 380 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) మీద ఆ పాతిక గజాలంటే రెండో షాట్ 150 గజాలా, 175 గజాలా అన్న తేడా. మనలో చాలామందికి మొదటిది ఐరన్‌తో (పొట్టి క్లబ్) అయిపోయే పని, రెండోదానికి మళ్లీ హైబ్రిడ్డో (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం) వుడ్డో తీయాలి.

ఇక వంపు సంగతి. బంతి తగిలే క్షణంలో క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) ఎటు చూస్తోంది, క్లబ్ ఎటు కదులుతోంది అనే రెండింటి మధ్య తేడా నుంచే స్లైస్ (కుడిచేతి ఆటగాడి బంతి గాల్లో కుడికి వంగడం) పుడుతుంది. ఆ తేడా మీ గ్రిప్‌లో, మీ భుజాల్లో ఉంది, కాబట్టి క్లబ్ మార్చినా అది మీతోనే వస్తుంది. త్రీ వుడ్‌కి లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువ, సాధారణంగా 15 డిగ్రీలు. డ్రైవర్‌కి 9 నుంచి 12. లాఫ్ట్ పెరిగితే వంపు కొంత తగ్గుతుంది, నిజమే. షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) కూడా రెండంగుళాలు పొట్టి, కాబట్టి అదుపు కొంచెం ఎక్కువ. ఈ రెండు లాభాలూ నేను కాదనను. కానీ వాటికి కట్టే మూల్యం ఎవరూ చెప్పరు.

డ్రైవర్ తల పరిమాణం రూల్స్ ప్రకారం 460 సీసీ దాకా ఉండొచ్చు, ఇప్పటి డ్రైవర్లు చాలావరకు ఆ హద్దు దగ్గరే ఉంటాయి. త్రీ వుడ్ తల అందులో సగం కూడా ఉండదు. పెద్ద తల చేతిలో తిరిగిపోదు, బంతి మధ్యలో కాకుండా పక్కన తగిలినా ఎంతో కొంత దూరం ఇస్తుంది. చిన్న తల ఆ తప్పును క్షమించదు. పైగా త్రీ వుడ్ ఫేస్ ఎత్తు తక్కువ. అర అంగుళం పైకో కిందికో తగిలితే బంతి నేలమీద పాకుతుంది, లేదంటే నిలువునా ఆకాశంలోకి లేస్తుంది.

ఇది మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే మెడికల్ షాపులో దొరికే ఫుట్ పౌడర్ స్ప్రే ఒకటి నా బ్యాగులో ఉంటుంది. ఫేస్ మీద కొడితే తెల్లటి పొర ఏర్పడుతుంది, బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. ఈమధ్య ఒక ఐటీ మేనేజర్ గారు వచ్చారు. నాలుగేళ్లుగా డ్రైవర్ కవర్ తీయలేదట. రెండు క్లబ్బులకీ స్ప్రే కొట్టి, ఒకటి విడిచి ఒకటి కొట్టించాను. డ్రైవర్ మీద మచ్చలన్నీ హీల్ (షాఫ్ట్‌కి దగ్గరి అంచు) వైపు, ఒకదాని మీద ఒకటి. త్రీ వుడ్ మీద కొన్ని హీల్ వైపు, కొన్ని కింది అంచు మీద, ఒకటి ఏకంగా ఫేస్ పైన క్రౌన్ (తల పైభాగం) మీద. డ్రైవర్‌తో బంతులు కుడికి వంగాయి. త్రీ వుడ్‌తోనూ కుడికే వంగాయి, కాకపోతే దగ్గర్లో పడ్డాయి, రెండు మూడు అసలు గాల్లోకే లేవలేదు. ఆయన ఫేస్ మీది మచ్చల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఆ హీల్ మచ్చల్లోనే ఆయన స్లైస్‌కి సగం కారణం ఉంది. వుడ్ క్లబ్‌కి హీల్ వైపు బంతి తగిలితే తల ఒక దిక్కుకి తిరుగుతుంది, బంతికి దానికి ఎదురు స్పిన్ ఎక్కుతుంది. దీన్నే గేర్ ఎఫెక్ట్ అంటాం. కుడిచేతి ఆటగాడికి అది బంతిని ఇంకా కుడికి లాగుతుంది. ఆయనకు స్వింగ్ మొత్తం మార్చాల్సిన పని లేకపోయింది. బంతికి అవతలివైపు, టో (తల అవతలి అంచు) కంటే కొంచెం ఎడంగా ఒక హెడ్‌కవర్ పెట్టి, అది తగలకుండా కొట్టమన్నాను. శరీరం తనంతట తానే క్లబ్‌ను దగ్గరికి లాక్కుంది, మచ్చలు మధ్యకు జరిగాయి. తర్వాత హోసెల్ (షాఫ్ట్ తలలోకి దిగే చోటు) దగ్గర స్లీవ్ తిప్పి లాఫ్ట్ పెంచాను. ఆ సాయంత్రం వెళ్లేటప్పుడు త్రీ వుడ్‌కి కవర్ వేసి డ్రైవర్ చేతిలో పట్టుకుని వెళ్లారు.

అయితే త్రీ వుడ్ ఎప్పుడు తీయాలి?

భయం వేసినప్పుడు కాదు, ఆపద ఎక్కడుందో చూసుకున్నాక.

టీ మీద నిలబడి రెండు విషయాలు చూడండి. ఒకటి, మీ డ్రైవర్ పడే చోట ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) ఎంత వెడల్పుంది. రెండు, పక్కన ఉన్నది రఫ్ఫా (ఎత్తు గడ్డి), చెరువా, ఓబీనా (అవుట్ ఆఫ్ బౌండ్స్, కోర్సు హద్దు అవతల). ఈ మూడూ ఒకటి కావు. రఫ్‌లో పడితే పెనాల్టీ లేదు. చెరువు లాంటి పెనాల్టీ ఏరియాలో పడితే ఒక స్ట్రోక్ పోతుంది, డ్రాప్ తీసుకుని (బంతిని బయట వదిలి) ఆడొచ్చు. ఓబీ అయితే స్ట్రోకూ పోతుంది, దూరమూ పోతుంది. మళ్లీ టీ మీదికొచ్చి మూడో షాట్ కొట్టాలి. అందుకే రఫ్‌కి భయపడి త్రీ వుడ్ తీయడం నాకు అసలు నచ్చదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీలు) షాట్ల డేటాతో లెక్కగట్టి చూపించింది కూడా ఇదే దారిలో ఉంది: మేటి ఆటగాళ్లకీ సగటు వాళ్లకీ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు లాంగ్ గేమ్ (దూరపు షాట్లు) నుంచే వస్తోంది. చివరి పుట్ (రంధ్రం ఉన్న గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) గుర్తుండిపోతుంది కాబట్టి తప్పంతా దానిమీదికి నెడతాం.

ఓబీ గోడ టీ దగ్గర్నుంచి గ్రీన్ దాకా కుడిపక్క సాగుతోందనుకోండి. అక్కడ త్రీ వుడ్ ఏం కాపాడుతుంది? 205 గజాల దగ్గరా ఆ గోడే ఉంది. అలాంటి హోల్ మీద చేయాల్సింది క్లబ్ మార్చడం కాదు, నిలబడే చోటు మార్చడం. కుడిపక్క ఆపద ఉంటే టీయింగ్ ఏరియాలో కుడి మార్కర్ దగ్గర టీ గుచ్చి ఫెయిర్‌వే ఎడమ సగానికి గురిచూడండి. మార్కర్ల వెనక రెండు క్లబ్ లెంగ్త్‌ల లోతు కూడా మీదే. ఇది పైసా ఖర్చు లేని ఉపాయం, అయినా పదిమందిలో ఒక్కరు వాడితే గొప్ప.

అదే 220-240 గజాల మధ్య ఫెయిర్‌వే సన్నబడి రెండు పక్కలా బంకర్లు (ఇసుక గుంతలు) ఉంటే, లేదా కాలువ అడ్డంగా పోతుంటే, లేదా డాగ్‌లెగ్ (మధ్యలో వంగే హోల్) మూలలో ఫెయిర్‌వే అయిపోయి గుండ్రాళ్లు మొదలైతే, అప్పుడు పొట్టి క్లబ్ తీయడం తెలివైన పని. అప్పుడు కూడా ఆ ఆపదకు అందకుండా ఉండేంత పొట్టి క్లబ్ తీయండి. కాలువ 215 దగ్గరుంటే 205 పోయే త్రీ వుడ్ గొప్ప భద్రత కాదు. మన దక్కన్ నేల ఏప్రిల్, మే నెలల్లో రాయిలా గట్టిపడుతుంది, బంతి పడ్డాక ఇంకో ఇరవై గజాలు దొర్లి కాలువలోకే పోతుంది. ఫైవ్ వుడ్డో హైబ్రిడ్డో తీయండి. ఫైవ్ వుడ్‌కి 18 డిగ్రీల చుట్టూ లాఫ్ట్ ఉంటుంది, బంతి సులువుగా లేస్తుంది. మామూలు ఆటగాడికి టీ మీద నిజంగా సేఫ్ క్లబ్ ఏదైనా ఉందంటే అదీ. వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. తడి ఫెయిర్‌వే మీద బంతి పడ్డచోటే ఆగుతుంది, అప్పుడు డ్రైవర్ క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) లేకపోతే పార్ 4లు పార్ 5లు అవుతాయి.

ఇవన్నీ నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. రేంజ్‌లో 40 గజాల ఎడంతో రెండు గుర్తులు చూసుకోండి, రెండు చెట్లో రెండు స్తంభాలో. డ్రైవర్ ఒకటి, త్రీ వుడ్ ఒకటి, మార్చి మార్చి తలా పది కొట్టండి. ఒకే క్లబ్‌తో వరసగా కొడితే చెయ్యి అలవాటుపడి అబద్ధం చెబుతుంది. ఆ రెండు గుర్తుల మధ్య పడ్డవెన్ని, లేవకుండా చచ్చినవెన్ని, రెండూ రాసుకోండి. పదిట్లో బాగా పోయిన ఒక్కటి గుర్తుపెట్టుకుని మురిసిపోవద్దు.

అపోహ: ప్రొఫెషనల్సే డ్రైవర్ వదిలేస్తున్నారు

2006లో రాయల్ లివర్‌పూల్‌లో జరిగిన ఓపెన్ చాంపియన్‌షిప్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో ఒకే ఒక్కసారి డ్రైవర్ కొట్టి గెలిచాడు. 2013లో మ్యూర్‌ఫీల్డ్‌లో అదే టోర్నీని ఫిల్ మికెల్సన్ బ్యాగులో అసలు డ్రైవరే లేకుండా గెలిచాడు. ఈ రెండూ నిజం. నాకు రోజూ చూపించే సాక్ష్యాలూ ఇవే. కానీ టైగర్ గెలిచింది ఎండకు మాడి సిమెంటులా గట్టిపడ్డ సముద్రతీరపు కోర్సు మీద. అక్కడ లాంగ్ ఐరన్‌తో కొట్టిన బంతి కూడా దొర్లుకుంటూ చాలా దూరం పోయింది, పైగా డ్రైవర్ దూరంలో లోతైన బంకర్లున్నాయి. ట్రాక్‌మ్యాన్ (బంతి పోకడ కొలిచే రాడార్ల కంపెనీ) ఎన్నో ఏళ్లుగా అందరికీ ఇచ్చిన పీజీఏ టూర్ సగటుల్లో త్రీ వుడ్ క్యారీ 243 గజాలు. వాళ్లు డ్రైవర్ వదిలేసినా మన డ్రైవర్ కంటే ముందే ఉంటారు. వాళ్ల నిర్ణయం మనం కాపీ కొట్టగలం, వాళ్ల దూరాన్ని కొట్టలేం.

అపోహ: లేడీస్‌కి, పెద్దవాళ్లకి డ్రైవర్ ఎందుకు

ఇది వింటే నాకు కోపం వస్తుంది. స్వింగ్ వేగం తక్కువున్నవాళ్లకే డ్రైవర్ ఎక్కువ అవసరం. అవే ట్రాక్‌మ్యాన్ సగటుల్లో ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) ఆటగాళ్ల డ్రైవర్ క్యారీ 218 గజాలు, త్రీ వుడ్ 195. వాళ్లు డ్రైవర్‌ను మూడు డిగ్రీలు పైకి కొడతారు, పీజీఏ మగవాళ్లు సగటున ఒక డిగ్రీ చుట్టూ కిందికే కొడతారు. టీ ఎత్తు పెట్టి పైకి కొట్టడం వేగం తక్కువున్నవాళ్లకు వరం. బ్యాంకులో రిటైరైన ఒక మేడమ్, "ఈ వయసులో నాకెందుకు బాబూ" అంటూనే 12 డిగ్రీల డ్రైవర్ పట్టుకున్నారు. అంతకుముందు ఎవరో ఆవిడకు పాత త్రీ వుడ్ ఇచ్చి టీ మీద ఇదే వాడమన్నారట. బంతి మోకాలెత్తు దాటేది కాదు. తప్పు తన వయసుదే అనుకున్నారు, తప్పు క్లబ్‌ది. ఇప్పుడు చెరువు మీంచి కొట్టాల్సిన హోల్‌కి వచ్చినప్పుడు ఆవిడే ముందు టీ మీదికి వెళతారు.

టెన్షన్ గురించి ఒక మాట

మొదటి టీ మీద వెనక రెండు గ్రూపులు వెయిట్ చేస్తుంటే, పక్కన బాస్ నిలబడి ఉంటే, చేతులు బిగుసుకుపోతాయి. ఇది అందరికీ ఉంటుంది, దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు. అప్పుడు త్రీ వుడ్ వైపు చెయ్యి పోవడం నాకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ బిగుసుకున్న చేతులతో చిన్న తల ఉన్న క్లబ్ ఇంకా కష్టం. దానికి బదులు డ్రైవర్‌ను గ్రిప్ చివరినుంచి అంగుళంన్నర కిందికి పట్టుకోండి. షాఫ్ట్ దాదాపు త్రీ వుడ్ అంత పొట్టి అవుతుంది, తల మాత్రం పెద్దదే ఉంటుంది. పది గజాలు పోతే పోనివ్వండి.

మిగతావి, త్వరగా

"లాఫ్ట్ తగ్గితే దూరం పెరుగుతుంది." మీ వేగానికి కాదు. గంటకు 90 మైళ్లలోపు స్వింగ్ ఉన్నవాళ్లలో చాలామందికి 10.5 కంటే తక్కువ లాఫ్ట్ బంతిని త్వరగా కిందకు దించేస్తుంది.

"షాఫ్ట్ పొడుగు పెంచుకుంటే చాలు." రూల్స్‌లో హద్దు 48 అంగుళాలు. 2022 నుంచి ప్రొఫెషనల్ టూర్లు 46 దగ్గరే ఆపే లోకల్ రూల్ తెచ్చుకున్నాయి. మీకు 45 దాటాల్సిన అవసరమే లేదు.

"డ్రైవర్ టీ మీదే కొట్టాలని రూల్ ఉంది." లేదు. ఫెయిర్‌వే మీంచి కూడా కొట్టొచ్చు. కష్టం అంతే.

"మినీ డ్రైవర్ కొంటే సమస్య తీరుతుంది." తల 300 సీసీ చుట్టూ, లాఫ్ట్ 11.5 నుంచి 13.5 దాకా వస్తాయి. కొందరికి బాగా కుదిరింది. హీల్‌తో కొట్టేవాళ్లకు మాత్రం అదీ హీల్‌తోనే తగులుతుంది, కాబట్టి ముందు స్ప్రే కొట్టి మచ్చలు చూసుకుని తర్వాత డబ్బు పెట్టండి.

"త్రీ వుడ్‌కీ డ్రైవర్‌కీ టీ ఒకే ఎత్తు." క్రౌన్ మీద గీతలు పడేది దీనివల్లే. డ్రైవర్‌కి సగం బంతి క్రౌన్‌కి పైన కనబడాలి, బంతి ముందు పాదం మడమకు ఎదురుగా ఉండాలి. త్రీ వుడ్‌కి టీ నేలలోకి దాదాపు మొత్తం దిగిపోవాలి, బంతి గడ్డి కొసల మీద కూర్చున్నట్టు ఉంటే చాలు, చోటు డ్రైవర్ కంటే బంతెడు వెనక్కి.